ముత్యాల్లాంటి అక్షరాలకు ఎన్ని మార్కులు?

చిరంజీవులు పెద్దోడికి, చిన్నోడికి, బుజ్జమ్మకు తాతయ్య దీవెనలు.

ఇక్కడ అందరం క్షేమం. మీరు వెళ్లి పది రోజులైనా మేడ మీద పాత యాంటెన్నాకు మీ గాలిపటం తోక ఇంకా వేలాడుతూనే ఉంది. తీసేస్తానంటే నానమ్మ వద్దంటోంది.

ఆ మేడ మీదే కదా, కనుమ నాడు మీ ముగ్గురూ కొట్టుకున్నంత పని చేశారు. "లక్ష్మణ్ ఓవర్‌రేటెడ్ తాతయ్యా, ఒక్క ఇన్నింగ్స్ మీద జీవితాంతం బతికేశాడు" అని పెద్దోడు మొదలుపెట్టాడు. "నీ కోహ్లీయే ఓవర్‌రేటెడ్" అన్నాడు చిన్నోడు. చివరికి అన్నదమ్ములిద్దరూ ఒకటైపోయి బ్యాడ్మింటన్ సింధు మీద పడ్డారు, ఫైనల్ అంటే చాలు ఓడిపోతుందని. బుజ్జమ్మ సగం తిన్న అరిసె పిట్టగోడ మీద పెట్టేసి కిందికి దిగిపోయింది. "నువ్వు తేల్చు తాతయ్యా" అని మీరు నన్ను పట్టుకుంటే, భోజనాల వేళైందని తప్పించుకున్నాను. నిజం చెప్పాలంటే లక్ష్మణ్‌ని అనేసరికి నాకు ఒళ్లు మండింది. ఒళ్లు మండుతున్నవాడు తీర్పు చెబితే ఎలా ఉంటుందో నాకు తెలుసు కాబట్టి ఊరుకున్నాను. ఇప్పుడు చల్లబడ్డాను, రాస్తున్నాను.

ఓవర్‌రేటెడ్ అనే మాట మా రోజుల్లో లేదు. పేరు గొప్ప ఊరు దిబ్బ అనేవాళ్లం. లేదంటే, వాణ్ని మునగచెట్టు ఎక్కించారు అనేవాళ్లం. నాకు ఈ రెండోదే నచ్చుతుంది. ఎక్కినవాడు ఒకడు, ఎక్కించినవాళ్లు వేరే అని ఆ మాటలోనే ఉంది.

ఇది నాకు తెలిసొచ్చింది స్పాట్ వాల్యుయేషన్‌లో. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పాను కదా, ఏటా పదో తరగతి పేపర్లు దిద్దడానికి జిల్లా కేంద్రానికి వెళ్లేవాణ్ని. ఫ్యాన్ వేస్తే పేపర్లు ఎగిరిపోతాయి, ఆపితే చెమట వాటి మీదే కారుతుంది. ఒక ఏడాది నా కట్టలో ఒక పేపరు వచ్చింది. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. మార్జిన్ నిటారుగా ఉంది, ఒక్క కొట్టివేత లేదు. చూడగానే ముచ్చటేసి, మూడో స్టెప్పులో మైనస్ ఎగిరిపోయిన లెక్కకు కూడా పూర్తి మార్కులు వేసేశాను. చీఫ్ ఎగ్జామినర్ సరిగ్గా ఆ పేపరే బయటికి లాగాడు. అందరి ముందూ చీవాట్లు పెట్టాడు, నాకు. ఆ పిల్లాడేం చేశాడు పాపం? తనకు వచ్చింది రాసిపెట్టి ఇంటికి పోయాడు.

అందుకే ఎవరినైనా ఓవర్‌రేటెడ్ అనగానే, ముందు పేపరు దిద్దిందెవరు అని అడగాలనిపిస్తుంది. యాడ్లు తీసే కంపెనీలా? టీవీలో కామెంటరీ చెప్పేవాళ్లా? మనవాడని చొక్కాలు చింపుకునే మనమా? పెద్దోడా, నీకు మంట లక్ష్మణ్ మీదా, లక్ష్మణ్ గురించి ఊదరగొట్టే నా మీదా? ఆలోచించి చెప్పు.

నేనేదో మొదటి నుంచీ ఇంత బుద్ధిమంతుణ్ని అనుకోకండి. 1999 జనవరి 31, ఆదివారం. చెన్నైలో పాకిస్తాన్‌తో టెస్టు. గెలవాలంటే 271 కావాలి. సచిన్ నడుం నొప్పితో మెలికలు తిరిగిపోతూ 136 కొట్టాడు. ఇంకా 17 పరుగులు, చేతిలో నాలుగు వికెట్లు. అప్పుడు సక్లయిన్‌ని లేపి కొట్టబోయి వసీం అక్రమ్‌కి క్యాచ్ ఇచ్చాడు. మిగిలిన మూడు వికెట్లూ నాలుగంటే నాలుగు పరుగులకు పోయాయి. 12 పరుగుల తేడాతో ఓడాం.

సోమవారం స్టాఫ్ రూమ్‌లో నేను బల్ల గుద్ది మరీ చెప్పాను, "సచిన్‌కి పేరెక్కువ, పనిలో లేదు, అసలు సమయానికి చేతులెత్తేస్తాడు" అని. మా డ్రిల్లు మాస్టారు సచిన్ భక్తుడు. "మొత్తం 258లో 136 ఆయనవే. మిగతా పదిమంది కలిసి ఆ 17 కొట్టలేకపోతే తప్పు ఆయనదా?" అన్నాడు. నేను వినలేదు. మాటా మాటా పెరిగి రెండు వారాలు ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. తర్వాత నెమ్మదిగా కూర్చుని లెక్కేసుకుంటే నాకే సిగ్గేసింది. వందకి తొంభై తెచ్చుకున్నవాణ్ని, ఆ పది ఎక్కడ పోయాయని నిలదీశాను. పక్కన రెండూ మూడూ తెచ్చుకున్నవాళ్లను మాత్రం పల్లెత్తు మాట అనలేదు. వాళ్ల మీద నాకు ఆశే లేదు కాబట్టి.

ఇక లక్ష్మణ్ సంగతి. చిన్నోడా, నువ్వూ వినాలి, నీ లెక్కల మార్కులు మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు.

టెస్టుల్లో లక్ష్మణ్ సగటు 45.97. కోహ్లీ 2025లో టెస్టులు మానేసేనాటికి అతని సగటు 46.85. తేడా ఒక్క పరుగు కూడా లేదు. "చూశారా!" అని నేను ఎగరాలి. కానీ సగటు ఎలా కడతారో తెలుసా? మొత్తం పరుగుల్ని ఎన్నిసార్లు అవుటయ్యాడో దానితో భాగిస్తారు. ఎన్నిసార్లు ఆడాడో దానితో కాదు. లక్ష్మణ్ 225 ఇన్నింగ్స్ ఆడి 34 సార్లు నాటవుట్‌గా మిగిలాడు. 8781ని 191తో భాగిస్తేనే ఆ 45.97. కోహ్లీ 210 ఇన్నింగ్స్‌లో నాటవుట్‌గా మిగిలింది 13 సార్లే. ఇన్నింగ్స్ లెక్కన చూస్తే లక్ష్మణ్‌కి 39, కోహ్లీకి 44. సెంచరీలు 17, 30. ఇక్కడ పెద్దోడు ఎగురుతాడు. ఆగరా. లక్ష్మణ్ ఎక్కువగా దిగింది ఐదో స్థానంలోనో, ఆరో స్థానంలోనో. అతను కుదురుకునేసరికి అవతల బౌలర్లు బ్యాట్లు పట్టుకుని వచ్చేవాళ్లు. నాటవుట్‌లు సగటును పెంచినట్టే, తోడు లేకపోవడం సెంచరీల్ని తగ్గించింది. ఒకే అంకెను ఇటు తిప్పితే మీవాడు గొప్ప, అటు తిప్పితే మావాడు గొప్ప. అందుకే ఒక్క అంకె పట్టుకుని వాదనకు దిగేవాళ్లను నేను నమ్మను.

ఆ "ఒక్క ఇన్నింగ్స్" నాకెలా అందిందో చెప్పాలి మీకు. 2001 మార్చి 14, బుధవారం. కోల్‌కతాలో ఆస్ట్రేలియాతో టెస్టు, నాలుగో రోజు. వరసగా 16 టెస్టులు గెలిచి వచ్చిన జట్టది. మనల్ని 171కే కూల్చి, 274 వెనకబెట్టి ఫాలో ఆన్ ఆడించింది, అంటే వెంటనే మళ్లీ మనల్నే బ్యాటింగ్‌కు దింపింది. స్టాఫ్ రూమ్‌లో ట్రాన్సిస్టర్ ఉంది, కానీ నాకు వరసగా పీరియడ్లు. మా అటెండర్ సర్క్యులర్ పుస్తకం చేతిలో పట్టుకుని, ప్రతి పీరియడ్‌కీ ఏదో పని ఉన్నట్టు క్లాసు గుమ్మంలోకి వచ్చేవాడు. నోరు మెదపడు. తల అడ్డంగా ఊపి వెళ్లిపోతాడు. వికెట్ పడలేదని అర్థం. మొదటి పీరియడ్‌లో ఊపాడు. మధ్యాహ్నం భోజనాల ముందు ఊపాడు. చివరి గంటకు వచ్చేసరికి తల ఊపుతూ నవ్వుతున్నాడు. పిల్లలకు కూడా విషయం అర్థమైపోయి, అతను తల ఊపగానే చప్పట్లు కొట్టారు. హెడ్మాస్టర్‌కు వినబడుతుందని నేను ఊరికే కసిరాను. రోజంతా ఒక్క వికెట్ పడలేదు, 335 పరుగులొచ్చాయి.

సాయంత్రం నేను లక్ష్మణ్, లక్ష్మణ్ అని ఊగిపోతుంటే డ్రిల్లు మాస్టారు సైకిల్ తాళం తీస్తూ, "అవతలి ఎండ్‌లో ఇంకొకడున్నాడు మాస్టారూ, చూశారా?" అన్నాడు. అక్కడున్నది ద్రవిడ్. మామూలుగా మూడో స్థానం అతనిది. ఆ ఇన్నింగ్స్‌లో దాన్ని లక్ష్మణ్‌కిచ్చి, తను ఆరో స్థానంలో దిగి 180 కొట్టాడు. ఇద్దరూ కలిపి 376. మర్నాడు హర్భజన్ ఆరు వికెట్లు తీసి గెలిపించకపోతే అది డ్రా అయ్యేది. డ్రా అయిన మ్యాచ్‌లో లక్ష్మణ్ కొట్టిన 281ని ఇంతమంది ఇన్నేళ్లు తలుచుకుంటారా? నాకు అనుమానమే.

పెద్దోడా, అందుకని నీకు సగం ఒప్పుకుంటున్నాను. ఆ మణికట్టు విరుపు, ఆఫ్ స్టంప్ బయట పడ్డ బంతిని మిడ్‌వికెట్ వైపు ఊరికే తోసినట్టు తోసెయ్యడం చూస్తే నాకు ఆ ముత్యాల్లాంటి అక్షరాల పేపరే గుర్తొస్తుంది. ఇంగ్లండ్‌లో అతనికి ఒక్క టెస్టు సెంచరీ కూడా లేదన్న సంగతి నేను మీకెప్పుడైనా చెప్పానా? చెప్పలేదు. మైనస్ ఎగిరిపోయిన స్టెప్పు అది. ద్రవిడ్ మార్కులు, హర్భజన్ మార్కులు కొన్ని లక్ష్మణ్ పేపర్లో కలిపేసింది కూడా నేనే. మన తెలుగువాళ్లం చాలామందిమి అదే చేశాం.

ఒప్పుకోని సగం ఏమిటంటే, ఒక్క ఇన్నింగ్స్ అన్నావే, అది. 2010లో మొహాలీ వీడియో వెతికి చూడు. మళ్లీ ఆస్ట్రేలియాయే. 216 కావాలి, 124కి ఎనిమిది వికెట్లు పోయాయి. లక్ష్మణ్‌కి వెన్ను పట్టేసి నడవలేకపోతున్నాడు, పరిగెత్తడానికి రైనాను పెట్టుకున్నాడు. ఇశాంత్‌తో కలిసి 81 పరుగులు లాక్కొచ్చాడు. చివర్లో తోడు ఓజా, మన హైదరాబాద్ టీమ్‌వాడే. పరుగు దగ్గర తికమక పడితే లక్ష్మణ్ బ్యాటెత్తి ఓజా మీద గట్టిగా అరిచాడు. ఎప్పుడూ నోరు తెరవని మనిషి అలా అరవడం చూసి మీ నానమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. ఒక్క వికెట్ తేడాతో గెలిచాం. అతని స్కోరు 73 నాటవుట్. సెంచరీల పట్టికలో అది కనబడదు. ఇంత ఆడినవాడు ఒక్క ప్రపంచ కప్ మ్యాచ్ కూడా ఆడలేదు, 2003లో పక్కన పెట్టేశారు. ఎక్కువ మార్కులు వేసినవాళ్లను తిట్టేటప్పుడు తక్కువ వేసినవాళ్లను కూడా తిట్టాలి కదా.

చిన్నోడా, కోహ్లీ గురించి నువ్వన్నదానికి ఒకటే జవాబు. 2014లో ఇంగ్లండ్‌లో పది ఇన్నింగ్స్‌లో 134 పరుగులు చేశాడు. మొత్తం కలిపి 134! అప్పుడు నీలాగే అందరూ పేరు గొప్ప అన్నారు. 2018లో మళ్లీ అదే దేశం వెళ్లి 593 చేశాడు. రెండో పేపరు రాయకముందే ఫలితం ప్రకటించేశారు జనం. చివరి నాలుగైదేళ్లు టెస్టుల్లో జారిపోయిన మాట నిజమే, అందుకే యాభై పైన ఉన్న సగటు ఆ 46.85కి దిగింది. అది కూడా అతని పేపర్లోదే, చింపెయ్యలేం.

పాతకాలం ఆస్ట్రేలియా బ్యాటర్ బ్రాడ్‌మన్ ఇప్పటి బౌలర్లను ఆడలేడని కూడా ఏదో అన్నావు. మనిద్దరిలో ఎవరం చూశాం? అతను రాసిన పేపరే రాసిన మిగతావాళ్ల మార్కులు చూడు. అవే పిచ్‌లు, అదే కాలం బౌలర్లు. మహా మహా బ్యాటర్ల సగటు అరవై దగ్గర ఆగిపోయింది, ఇతనిది 99.94. ఇక మాట్లాడేదేముంది?

బుజ్జమ్మా, నీ సంగతి ఆఖరున పెట్టానని అలగకు. సింధు ఫైనల్స్‌లో ఓడిన మాట నిజమే. 2016లో రియో ఒలింపిక్స్, 2017, 2018లో ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లు, 2018లోనే కామన్వెల్త్, ఆసియా క్రీడలు. మీ అన్నయ్యలు ఈ జాబితా బాగానే బట్టీ పట్టారు. కానీ 2017లో గ్లాస్గోలో జపాన్ అమ్మాయి ఒకుహారాతో ఆడిన ఫైనల్ 110 నిమిషాలు నడిచిందని చెప్పలేదు. రెండో గేమ్ చివర ఒక ర్యాలీ 73 షాట్లు సాగింది. అది గెలిచింది సింధే. మూడో గేమ్ 20-22. రెండు పాయింట్లు! ఆ తర్వాత 2019లో బాసెల్‌లో అదే ఒకుహారాను ఫైనల్లో 21-7, 21-7తో 38 నిమిషాల్లో ఇంటికి పంపింది. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లలో ఐదు పతకాలు, ఒలింపిక్స్‌లో రెండు. తైవాన్ అమ్మాయి తై జు యింగ్ రెండొందల వారాలకు పైగా ప్రపంచ నంబర్ వన్‌గా ఉంది, కానీ ప్రపంచ ఛాంపియన్‌షిప్ గెలవలేదు, ఒలింపిక్ స్వర్ణం లేదు. ఆమెనూ పేరు గొప్ప అంటారా మీ అన్నయ్యలు? అడుగు.

పారిస్ ఒలింపిక్స్‌లో సింధు ప్రీక్వార్టర్స్‌లోనే ఓడింది, ఇప్పుడు ఆట మునుపటిలా లేదు. నీకు బాధగా ఉన్నా అది చెప్పక తప్పదు. అయితే రియో తర్వాత రెండు ప్రభుత్వాలూ కోట్లిచ్చాయని, డిప్యూటీ కలెక్టర్ ఉద్యోగం ఇచ్చారని పెద్దోడు ఈర్ష్యపడితే, ఆ పోట్లాట ఇచ్చినవాళ్లతో పెట్టుకోమను.

మొన్న ఇదంతా రాద్దామని కూర్చుని, ముందు డ్రిల్లు మాస్టారుకు ఫోన్ చేశాను. సచిన్ విషయంలో తప్పు నాదే అన్నాను. "ఒప్పుకోవడానికి ఇరవై ఏడేళ్లు పట్టిందా మాస్టారూ?" అని పడీ పడీ నవ్వాడు. నవ్వడం అయ్యాక, "అయితే లక్ష్మణ్ సంగతి కూడా ఒప్పుకోండి, పనైపోతుంది" అన్నాడు. మాట సరిగ్గా వినబడటం లేదని చెప్పి పెట్టేశాను.

ఇట్లు,
మీ తాతయ్య