ఓటీపీ, ఊరి సిమ్, ఎఫ్‌డీ, నామినీ: బెంగళూరు తెలుగువాళ్లలో పాతుకుపోయిన అపోహలు, అసలు వాస్తవాలు

మారతహళ్లి పీజీల్లో ఉండే ఐటీ పిల్లల నుంచి కేఆర్ పురంలో కర్రీ పాయింట్ నడిపే దంపతుల దాకా, ఇక్కడి తెలుగువాళ్ల పొదుపు రెండు మూడు చోట్ల చెదిరి ఉంటుంది. జీతం పడేది బెంగళూరు ఖాతాలో. ఎఫ్‌డీ ఉండేది అనంతపురంలోనో ఒంగోలులోనో నాన్న తెరిపించిన ఖాతాలో. ఓటీపీ వచ్చేది ఇంకేదో నంబరుకి. డబ్బు పోయినా, ఇరుక్కుపోయినా ఎక్కువగా ఈ అతుకుల దగ్గరే.

అపోహ: "ఓటీపీ ఎవరికీ చెప్పను, నా డబ్బుకి ఢోకా లేదు."

వాస్తవం: ఇప్పుడు దొంగకి మీరు ఓటీపీ చెప్పక్కర్లేదు, మీ ఫోనే చెప్పేస్తుంది. వాట్సాప్‌లో ఒక ఫైల్ వస్తుంది. పేరు "పెళ్లి పత్రిక" అనో "ట్రాఫిక్ చలానా" అనో ఉంటుంది, పేరు చివర ఏపీకే (.apk) అని ఉంటుంది. అది ఫొటో కాదు, పీడీఎఫ్ కాదు, ఒక యాప్. తెలిసినవాళ్ల నంబరు నుంచే రావచ్చు, ఎందుకంటే వాళ్ల ఫోన్ అప్పటికే దాని చేతిలో ఉంటుంది.

నొక్కగానే ఆండ్రాయిడ్ ఒకసారి హెచ్చరిస్తుంది, తెలియని చోటు నుంచి వచ్చిన యాప్‌ని ఇన్‌స్టాల్ చేయనివ్వాలా అని. అక్కడ సరే అంటే తర్వాత ఎస్సెమ్మెస్ అనుమతి అడుగుతుంది, కొన్నయితే యాక్సెసిబిలిటీ అనుమతి కూడా అడుగుతాయి. మొదటిది ఇస్తే మీకొచ్చే ప్రతి ఓటీపీ అవతలివాడికీ వెళ్తుంది. రెండోది ఇస్తే స్క్రీన్ మీద ఉన్నది చదవగలదు, మీ బదులు తనే బటన్లు నొక్కగలదు. కొన్నిసార్లు యాప్ ఐకాన్ కూడా కనిపించదు. "ఏదో, ఓపెన్ కాలేదులే" అని వదిలేసేది అందుకే.

నొక్కేశామని అనుమానం వస్తే ఏది ముందు, ఏది వెనక అన్నదే కీలకం. ముందు ఆ ఫోన్‌లో డేటా, వైఫై రెండూ ఆపేయండి. తర్వాత వేరే ఫోన్ నుంచి బ్యాంకుకి కాల్ చేసి కార్డు, యూపీఐ, నెట్ బ్యాంకింగ్ మూడూ బ్లాక్ చేయించండి. ఆ నంబరు కార్డు వెనక ఉంటుంది, గూగుల్‌లో వెతక్కండి, అక్కడ నకిలీ కస్టమర్ కేర్ నంబర్లు ఉంటాయి. డబ్బు అప్పటికే పోయి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. లావాదేవీకి ఉండే 12 అంకెల రిఫరెన్స్ నంబరు, తేదీ, మొత్తం దగ్గర పెట్టుకోండి. ఇవన్నీ అయ్యాకే ఫోన్‌ని ఫ్యాక్టరీ రీసెట్ చేయాలి. చాలామంది కంగారులో అదే ఫోన్‌లో కూర్చుని పిన్‌లు మారుస్తారు. ఆ కొత్త పిన్ కూడా నేరుగా దొంగకే చేరుతుంది.

అంత తొందర ఎందుకంటే, 2017 జులై 6న రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్‌లో లెక్క స్పష్టంగా ఉంది. తప్పు మీదీ కాదు, బ్యాంకుదీ కాదు, మధ్యలో ఇంకెక్కడో జరిగింది అనుకుంటే, 3 పనిదినాల్లో తెలియజేస్తే మీకు నష్టం సున్నా. 4 నుంచి 7 పనిదినాల్లో అయితే మామూలు సేవింగ్స్ ఖాతాకు గరిష్ఠంగా 10,000 రూపాయల దాకా మీరు భరించాలి. అదే మీ అజాగ్రత్త వల్ల జరిగితే, బ్యాంకుకి చెప్పేదాకా పోయినదంతా మీదే, చెప్పిన తర్వాత పోయేది బ్యాంకుది. అంటే ఫిర్యాదు చేసిన నిమిషానికి కూడా విలువ ఉంది. ఫోన్‌లో చెప్పి ఊరుకోకుండా ఫిర్యాదు నంబరు రాయించుకోండి.

అపోహ: "ఊరి సిమ్‌కి రీచార్జ్ దేనికి, ఎలాగూ వాడటం లేదుగా."

వాస్తవం: ఈ ఒక్క మాట దగ్గర బెంగళూరులో మనవాళ్లు ఎక్కువగా దెబ్బతింటారు. కాలేజీ రోజుల్లో తీసుకున్న ఆ నంబరే పాత బ్యాంకు ఖాతాలో, ఆధార్‌లో, పీఎఫ్‌లో ఉంటుంది. ప్రీపెయిడ్ సిమ్ 90 రోజులు ఏ వాడకమూ లేకుండా, తగిన బ్యాలెన్స్ లేకుండా ఉంటే కంపెనీ దాన్ని తీసేయొచ్చు. కొంతకాలానికి అదే నంబరు ఇంకొకరికి వెళ్తుంది. ఆ కొత్త మనిషి దొంగ కానక్కర్లేదు, మీ ఓటీపీలు అతని ఫోన్‌లో మోగడం చాలు, మీ ఖాతాలోకి మీరే వెళ్లలేరు.

పాత నంబరు తీసేసి కొత్తది పెట్టేటప్పుడు ఆధార్‌తో మొదలుపెట్టండి, ఎందుకంటే మిగతావన్నీ చివరికి ఆధార్ ఓటీపీ అడుగుతాయి. దానికి ఊరు వెళ్లక్కర్లేదు, దేశంలో ఏ ఆధార్ కేంద్రంలోనైనా చేస్తారు, బెంగళూరులో కూడా. ఆ తర్వాత బ్యాంకు, ఆ తర్వాత పీఎఫ్. బ్యాంకులో ఫోన్ నంబరు మార్పు చాలావరకు అదే బ్యాంకు ఏ శాఖలోనైనా ఫారం, ఆధార్, పాన్ ఇస్తే అవుతుంది. కొన్ని శాఖలు "హోం బ్రాంచ్‌కి వెళ్లండి" అంటాయి. అలా అంటే కారణం రాసివ్వమని మర్యాదగా అడగండి. అన్నిట్లో కొత్త నంబరుకి పరీక్షగా ఒక ఓటీపీ వచ్చాకే పాత సిమ్‌ని వదలండి.

పనిలో పనిగా కేంద్ర టెలికాం శాఖ వాళ్ల సంచార్ సాథీ పోర్టల్‌లో మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూసుకోండి. మీవి కానివి ఉంటే అక్కడే ఫిర్యాదు చేయొచ్చు. ఫోన్ పోతే దాని ఐఎంఈఐని (ఫోన్ గుర్తింపు నంబరుని) బ్లాక్ చేయించే సదుపాయం కూడా అందులోనే ఉంది. దానికి కావలసిన పోలీసు రసీదు కోసం బెంగళూరులో స్టేషన్ మెట్లెక్కక్కర్లేదు, ఈ-లాస్ట్ రిపోర్ట్ ఆన్‌లైన్‌లో తీసుకోవచ్చు. ఒక్కటి గుర్తుంచుకోండి: డూప్లికేట్ సిమ్ తీసుకున్నాక 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు రావు, పోవు. అది భద్రత కోసం పెట్టిన నియమం. ఆ రోజే ఈఎంఐయో అద్దెయో కట్టాల్సి ఉంటే ముందే వేరే దారి చూసుకోండి.

అపోహ: "డబ్బులు కట్ అయ్యాయి, అవతల పడలేదు అంటే పోయినట్టే."

వాస్తవం: పోలేదు. ఒక మనిషికి యూపీఐ పంపినప్పుడు ఇలా జరిగితే మర్నాటికల్లా దానంతట అదే వెనక్కి రావాలి. దుకాణానికి కట్టినప్పుడైతే 5 రోజుల్లో. గడువు దాటితే రోజుకి 100 రూపాయల చొప్పున పరిహారం బ్యాంకు ఇవ్వాలి, ఇది 2019 సెప్టెంబరులో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన నియమం. ఈ పరిహారం గురించి ఖాతాదారులు అడగరు, అందుకే తెలియాలి.

తప్పు నంబరుకి పంపితే మాత్రం కథ వేరు. లావాదేవీ సక్రమంగానే జరిగింది కాబట్టి అవతలి మనిషి ఒప్పుకోకుండా బ్యాంకు లాక్కోలేదు. వెంటనే యాప్‌లో, బ్యాంకులో ఫిర్యాదు పెట్టాలి. కొత్త మనిషికి పెద్ద మొత్తం పంపేముందు 1 రూపాయి పంపి, బ్యాంకు రికార్డులో వచ్చే పేరు చూసుకోవడం మంచి అలవాటు. ఇక డబ్బు రావడానికి పిన్ కొట్టమని ఎవరైనా అంటే ఫోన్ పెట్టేయండి. పిన్ ఎప్పుడూ డబ్బు పోవడానికే.

అపోహ: "బ్యాంకు అంటే బ్యాంకే, ఎంత వేసినా భద్రమే."

వాస్తవం: భద్రతకి ఒక గీత ఉంది. బ్యాంకు మూతపడితే డిపాజిట్ బీమా ఇచ్చేది ఒక్కో మనిషికి, ఒక్కో బ్యాంకులో 5 లక్షలు. 2020 ఫిబ్రవరి 4కి ముందు అది 1 లక్షే. అన్ని శాఖల్లో ఉన్నవీ కలిపి లెక్క, అసలూ వడ్డీ కలిపి లెక్క. అందరూ జారేది ఇక్కడే. 4,80,000 రూపాయల్ని 7 శాతానికి ఒక ఏడాది ఎఫ్‌డీ వేస్తే, మూడు నెలలకోసారి వడ్డీ కలుస్తూ చివరికి సుమారు 5,14,490 అవుతుంది. ఆ పై 14 వేల చిల్లర బీమా బయటే. 4,60,000 వేస్తే సుమారు 4,93,050 దగ్గర ఆగుతుంది. భర్త ఒక్కరి పేరు మీద, భార్య ఒక్కరి పేరు మీద, ఇద్దరి జాయింట్ ఖాతాలో ఉన్నవి వేర్వేరుగా లెక్కిస్తారు.

బెంగళూరువాళ్లకి ఇది పుస్తకంలో మాట కాదు. బసవనగుడిలోని శ్రీ గురు రాఘవేంద్ర సహకార బ్యాంకు మీద 2020 జనవరిలో రిజర్వ్ బ్యాంకు ఆంక్షలు పెట్టినప్పుడు, ఒక్కో ఖాతాదారు తీసుకోగలిగింది 35,000 రూపాయలే. ఇంటి అద్దెలూ మందుల ఖర్చులూ ఆ వడ్డీ మీదే నడుపుకునే పెద్దవాళ్లు వీధిన పడ్డారు. తర్వాత 2021లో చట్టం సవరించారు, ఆంక్షలు పెట్టిన 90 రోజుల్లో బీమా సొమ్ము అందాలని.

ఇంకో తేడా కూడా చూడాలి. సహకార బ్యాంకు వేరు, సహకార సొసైటీ వేరు. కర్ణాటకలో వీధివీధినా కనిపించే సౌహార్ద సహకార సంస్థల్లో చాలావాటికి బ్యాంకు లైసెన్సు లేదు, ఈ డిపాజిట్ బీమా కూడా లేదు. వడ్డీ ఒక శాతం ఎక్కువ చూసి వెళ్లేముందు బీమా ఉందా అని అడగండి. బీమా ఉన్న బ్యాంకుల జాబితా డిపాజిట్ ఇన్సూరెన్స్ కార్పొరేషన్ వెబ్‌సైట్‌లో ఉంటుంది.

అపోహ: "అవసరం పడితే ఎఫ్‌డీ బ్రేక్ చేస్తే సరి, ఒక శాతం పోతుంది అంతే."

వాస్తవం: రెండు చోట్ల కోత పడుతుంది. మూడేళ్లకి 7 శాతం అని వేసి 8 నెలలకే తీస్తే, 7 లోంచి 1 తీయరు. వేసిన రోజున 8 నెలలకి ఎంత రేటు ఉందో అది తీసుకుని, అందులోంచి జరిమానా తీస్తారు. ఆ రేటు 6 అయితే మీ చేతికొచ్చేది 5. అందుకే 3 లక్షలు ఒకే ఎఫ్‌డీగా కాకుండా 50,000 చొప్పున ఆరు వేయండి, అవసరమైనంతే తీస్తే మిగతా ఐదు చెక్కుచెదరవు.

నెల రోజుల సర్దుబాటుకైతే ఎఫ్‌డీ మీద ఓవర్‌డ్రాఫ్ట్ (దాన్ని హామీగా పెట్టి తీసుకునే అప్పు) మేలు. ఎఫ్‌డీ రేటు మీద 1 నుంచి 2 శాతం ఎక్కువ తీసుకుంటారు. లక్ష రూపాయలు 8 శాతానికి 30 రోజులు వాడితే వడ్డీ సుమారు 658 రూపాయలు. పీజీ అడ్వాన్సు కోసం మొత్తం ఎఫ్‌డీ విరగ్గొట్టడం కంటే ఇది ఎంతో నయం.

అపోహ: "యూపీఐ తీసుకుంటే పన్ను, క్యాష్ అయితే లేదు."

వాస్తవం: 2025 జులైలో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ లెక్కల ఆధారంగా చిన్న వ్యాపారులకి నోటీసులు ఇచ్చాక, బెంగళూరులో చాలా కొట్ల ముందు "నో యూపీఐ" అట్టలు వేలాడాయి. జీఎస్టీ పడేది అమ్మకం మీద, అది నోటు రూపంలో వచ్చినా క్యూఆర్‌లో వచ్చినా ఒకటే. సరుకులు అమ్మేవాళ్లు ఏడాదికి 40 లక్షలు దాటితే, భోజనం లాంటి సేవలైతే 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ కావాలి. రోజుకి లెక్కేస్తే కిరాణా కొట్టుకి దాదాపు 11,000, కర్రీ పాయింట్‌కి దాదాపు 5,500. పాలు, తాజా కూరగాయలు మాత్రమే అమ్మితే రిజిస్ట్రేషన్ అవసరమే లేదు.

కొట్టు క్యూఆర్‌నే ఇంటి ఖర్చుకీ వాడటం వల్ల అసలు ఇబ్బంది వస్తుంది. తమ్ముడు తిరిగిచ్చిన అప్పు, ఊరి నుంచి వచ్చిన పొలం కౌలు అన్నీ అమ్మకంలాగే కనిపిస్తాయి. కొట్టుకి ఒక ఖాతా, ఇంటికి ఒక ఖాతా పెట్టుకుంటే నోటీసు వచ్చినా జవాబు అరగంట పని.

అపోహ: "యాప్‌లో కొన్న డిజిటల్ గోల్డ్‌కి ప్రభుత్వ పర్యవేక్షణ ఉంటుంది."

వాస్తవం: లేదు. ఇది తమ నియంత్రణలో లేదని షేర్ల మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2025 నవంబరులో హెచ్చరించింది. బంగారం మీద పెట్టాలనే ఉంటే గోల్డ్ ఈటీఎఫ్ (షేర్‌లాగా కొనే బంగారం ఫండ్) సెబీ పరిధిలో ఉంది.

అపోహ: "నామినీ రాశాను కదా, డబ్బు వాళ్లదే."

వాస్తవం: నామినీ డబ్బు అందుకునే మనిషి, హక్కుదారు కాదు. అందుకుని చట్టబద్ధమైన వారసులకి ఇవ్వాలి. ఫలానావాళ్లకే చెందాలని ఉంటే వీలునామా రాయాలి. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు డిపాజిట్‌కి నలుగురి దాకా నామినీలని పెట్టొచ్చు, ఎవరికెంత శాతమో కూడా రాయొచ్చు. లాకర్‌కి మాత్రం ఒకరి తర్వాత ఒకరు అన్న పద్ధతే, అంటే మొదటివారు లేకపోతేనే రెండోవారికి.

పీఎఫ్‌లో ఇంకో మెలిక ఉంది. పెళ్లికి ముందు అమ్మ పేరో నాన్న పేరో రాసి ఉంటే, పెళ్లయ్యాక ఆ నామినేషన్ చెల్లదు. కొత్తగా మళ్లీ రాయాలి. పీఎఫ్ వాళ్ల యూఏఎన్ పోర్టల్‌లో ఈ-నామినేషన్ అని ఉంటుంది, కుటుంబ సభ్యుల ఆధార్, ఫొటో పెట్టి చివర్లో ఆధార్ ఓటీపీతో ఈ-సైన్ చేయాలి. చాలామంది వివరాలన్నీ నింపి ఈ-సైన్ దగ్గర ఆపేస్తారు, అప్పుడది నమోదైనట్టు కాదు. ఆ ఓటీపీ వచ్చేది ఆధార్‌లో ఉన్న నంబరుకి కాబట్టి, ఊరి సిమ్ సంగతి తేల్చుకున్నాకే ఈ పనికి కూర్చోండి.