ప్రయాణానికి ముందు కడుపులో తిప్పుతుంటే

బుజ్జీ, చిన్నోడా, ఇద్దరూ ఒకచోట కూర్చుని చదవండి, కాస్త పెద్ద ఉత్తరమే రాస్తున్నా.

శ్రీశైలం పోదాం అనుకున్న కాడ్నుంచి చిన్నోడు సరిగ్గా అన్నం తినట్లేదంట, బుజ్జేమో రాత్రిపూట లేచి లేచి బ్యాగ్ తీసి మళ్ళీ సర్దుతుందంట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. పోవడం ఇష్టమే, కానీ భయంగా ఉంది, ఇంతేగా? రెండూ ఒకేసారి ఉండొచ్చు నాన్నా, అందులో తప్పేం లేదు.

ఇన్నేళ్ళు బళ్ళో సైన్సు చెప్పినదాన్ని గదా, ముందు ఒంట్లో ఏం జరుగుద్దో చెప్తా. కిడ్నీల పైన అడ్రినల్ గ్రంథులని రెండు చిన్నవి ఉంటాయి. మెదడు ఏదో ప్రమాదం అనుకోగానే అవి అడ్రినలిన్ వదుల్తాయి, దాంతో గుండె గబగబా కొట్టుకుంటది, రక్తం కాళ్ళకీ చేతులకీ ఎక్కువ పోయి పొట్టకి తగ్గుద్ది, అందుకే ఆకలి చచ్చిపోయి కడుపులో తిప్పుద్ది. అమెరికాలో వాల్టర్ కానన్ అనే ఆయన 1915లోనే దీని గురించి పుస్తకం రాశాడు. పులి ఎదురొచ్చినా, రేపు ఊరికి పోవాలన్నా ఒళ్ళు చేసే పని ఒకటే. చిన్నోడా, నీకు జబ్బేం లేదురా, నీ ఒళ్ళు నిన్ను కాపాడదామని చూస్తంది, అంతే.

అట్టాంటప్పుడు ఊపిరి మామూలుగా పీల్చి, వదిలేది మాత్రం నిదానంగా, పీల్చిన దానికంటే ఎక్కువసేపు వదలండి. ఊపిరి వదిలేటప్పుడు గుండె కొంచెం నెమ్మదిస్తది, అది ఒంటి స్వభావం. భయం పట్టుకున్నాక నేర్చుకోవడం కష్టం, ఇప్పట్నుంచే పడుకునేముందు కాసేపు చేయండి.

ఇక బుజ్జి సంగతి, అసలు ఈ ఉత్తరం ఎక్కువ నీకోసమే తల్లీ. బ్యాగ్ చూసుకుంటే ప్రాణం హాయిగా ఉంటది, కానీ కాసేపే, మళ్ళీ డౌట్ వస్తది, మళ్ళీ చూస్తావు. చూసినప్పుడల్లా మెదడు ఏం నేర్చుకుంటదంటే, ఓహో ఇప్పుడు చూశాం కాబట్టి బయటపడ్డాం, చూడకపోతే ఏమయ్యేదో అని. అందుకే చూసేకొద్దీ భయం పెరుగుద్దే గానీ తగ్గదు. "అన్నీ పెట్టామా అమ్మా" అని పదిసార్లు అడగడం కూడా ఇదే. కాబట్టి కాగితం మీద రాసుకుని ఒక్కసారి పైకి చదువుతా సర్దు, జిప్ వేసెయ్, ఆ కాగితం మీ నాన్న చేతికిచ్చెయ్. మళ్ళీ తీయాలనిపిస్తది, గట్టిగానే అనిపిస్తది, తీయకుండా కాసేపు ఓర్చుకో, దానంతటదే తగ్గుద్ది.

చీకట్లో అడవిలో ఇరుక్కుపోతాం అని చిన్నోడు అన్నాడంట. భయం ఊరికే "ఏమన్నా అయితే" అని తిరుగుతుంటే దానికి జవాబుండదు, ఫలానాది అని తేలిస్తే చాలావాటికి ఉంటది. ఇప్పుడు దీన్నే చూడు, అది పులులుండే నల్లమల అడవి కాబట్టి దోర్నాల దగ్గర ఫారెస్టోళ్ళు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బళ్ళని పోనివ్వరు. మనం ఒంగోల్లో తెల్లారే బయల్దేరి చీమకుర్తి, పొదిలి, మార్కాపురం మీదుగా పోతాం, దోర్నాల నుంచి శ్రీశైలం ఇంకో 50 కిలోమీటర్లు, అదంతా పట్టపగలే దాటేస్తాం. ఆ అడవిలో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, ఫోన్ పోలేదని కంగారు పడొద్దు, మీ తాతకి ముందే చెప్పి పెట్టా. జవాబు లేని భయాలు కూడా ఉంటాయి, వాటికి సాయంత్రం ఒక పావుగంట పెట్టుకోండి, పొద్దున గుర్తొస్తే అప్పుడు చూద్దాంలే అని పక్కన పెట్టండి.

ఘాట్ రోడ్డు మలుపుల్లో వాంతులొస్తే అది భయం కాదు. చెవి లోపల బ్యాలెన్స్ చూసే భాగం కదుల్తున్నాం అంటది, ఫోన్లో ఉన్న కళ్ళేమో లేదంటాయి, ఆ తేడాకే తిప్పుద్ది. ఫోన్ లోపల పెట్టి దూరంగా రోడ్డు వైపు చూడండి. కడుపు నిండా తినొద్దు, ఖాళీగానూ రావొద్దు, రెండు ఇడ్లీ చాలు. మాత్ర వేయాలంటే డాక్టర్ని అడిగి బయల్దేరకముందే వేయాలి, వాంతి మొదలయ్యాక వేస్తే పెద్దగా పని చేయదు.

చిన్నోడు ఇంట్లోనే ఉండిపోతానన్నాడని మీ అమ్మ ఊగుతుంది, నేనైతే వద్దనే అన్నా. మానేస్తే ఆ రోజుకి హాయిగానే ఉంటదిరా, కానీ వచ్చేసారి ఇంకా కష్టమైపోద్ది. రా, దారిలో ఎక్కడ ఆపమన్నా బండి ఆపిస్తా, ఎవర్నీ నిన్ను ఒక్క మాట అననివ్వను.

ఊరినుంచి వచ్చాక కూడా నిద్ర పట్టకపోయినా, బడికి పోవాలన్నా ఇట్టాగే ఉన్నా దాచుకోవద్దు, నాకు చెప్పండి. 14416కి ఫోన్ చేస్తే టెలీ మానస్ అని, మనసు బాగోలేనోళ్ళ కోసం గవర్నమెంటు పెట్టిన హెల్ప్‌లైన్ వాళ్ళు ఏ టైంలో అయినా మాట్లాడతారు, ఫ్రీనే, తెలుగులో కూడా మాట్లాడొచ్చు, కావాలంటే నేను పక్కన కూర్చుంటా.

కిటికీ సీటు చిన్నోడికి ఇమ్మని మీ నాన్నతో చెప్పేశా. బుజ్జీ, నీ కాగితం ఒకసారి నాకు ఫోటో తీసి పంపు, ఒక్కసారే.

మీ నాయనమ్మ