గర్భిణుల్లో మధుమేహంపై పరిశోధనలు: అపోహలు - వాస్తవాలు

గర్భధారణ సమయంలో వచ్చే మధుమేహంపై క్లినికల్ పరిశోధన చేసే మా వంటివారిని గర్భిణులు, వారి కుటుంబ సభ్యులు అడిగే ప్రశ్నల్లో సగం జబ్బు గురించైతే, మిగతా సగం పరిశోధన అనే మాట విన్నప్పుడు కలిగే భయం గురించి ఉంటాయి. ఈ రెండింటినీ విడివిడిగా చూడడం నాకు సరికాదనిపిస్తుంది. డాక్టరు చీటీ మీద రాసే ప్రతి అంకె, ఇచ్చే ప్రతి సలహా, ఎక్కడో కొన్ని వేల మంది గర్భిణులు తమ రక్త నమూనాలను, కాన్పు వివరాలను ఇవ్వడానికి ఒప్పుకోవడం వల్ల తేలినవే. అందుకే అపోహలను ఆ పరిశోధనల వెలుగులోనే పరిశీలిస్తాను.

అపోహ: గర్భిణిని పరిశోధనలో చేర్చడమంటే కడుపులోని బిడ్డపై ప్రయోగం చేయడమే.

ఈ రంగంలో జరిగే అధ్యయనాల్లో చాలావాటిలో కొత్త మందు అంటూ ఏదీ ఉండదు. కొన్నింటిలో పరీక్షలు చేసి, కాన్పు వరకు ఏం జరిగిందో నమోదు చేస్తారు. మరికొన్నింటిలో ఇప్పటికే వాడుకలో ఉన్న రెండు చికిత్సలను పోల్చుతారు. ఎవరికి ఏ చికిత్స అన్నది లాటరీ పద్ధతిలో నిర్ణయమవుతుంది. అలా నిర్ణయించకపోతే, జబ్బు తీవ్రంగా ఉన్నవారంతా ఒకే వర్గంలోకి చేరి, వచ్చిన తేడా చికిత్స వల్ల వచ్చిందో జబ్బు వల్ల వచ్చిందో తేల్చలేం. భారత వైద్య పరిశోధన మండలి 2017లో వెలువరించిన నైతిక మార్గదర్శకాలు గర్భిణులను ప్రత్యేక రక్షణ అవసరమైన వర్గంగా గుర్తించాయి. ఎథిక్స్ కమిటీ ఆమోదం లేకుండా అధ్యయనం మొదలుపెట్టకూడదు. సమ్మతి పత్రం ఆమెకు వచ్చిన భాషలో ఉండాలి. ఏ దశలోనైనా, కారణం చెప్పకుండా, వైద్యానికి లోటు రాకుండా ఆమె తప్పుకోవచ్చు. అత్తగారో భర్తో పక్కన కూర్చుని అన్నీ వినడం మంచిదే కానీ, నిర్ణయం మాత్రం ఆమెది కావాలి.

గర్భిణులను పరిశోధనకు దూరంగా ఉంచితే వారు సురక్షితంగా ఉంటారన్న నమ్మకం కూడా సరైనది కాదు. షుగర్ తగ్గించే గ్లైబెన్‌క్లమైడ్ అనే మాత్ర సంగతి చూడండి. 2000లో 404 మందిపై జరిగిన ఒక ట్రయల్ (చికిత్సలను పోల్చే అధ్యయనం) తరవాత అది కొన్ని దేశాల్లో గర్భిణులకు విస్తృతంగా వాడుకలోకి వచ్చింది. అది ఇన్సులిన్‌కు తీసిపోదని నిరూపించేందుకు ఫ్రాన్స్‌లో 900 మందికి పైగా గర్భిణులతో జరిగిన ట్రయల్ ఫలితాలు 2018లో గానీ వెలువడలేదు. పుట్టిన బిడ్డలో షుగర్ పడిపోవడం ఆ మాత్ర వాడినవారిలో 12.2 శాతం, ఇన్సులిన్ తీసుకున్నవారిలో 7.2 శాతం ఉంది. తీసిపోదన్న వాదన నిలబడలేదు. ఆ మధ్యకాలంలో మాత్ర వాడిన తల్లులందరూ, ఎవరూ లెక్క రాయని ప్రయోగంలో ఉన్నట్టే కదా.

అపోహ: రిపోర్టులో హద్దు దాటితేనే జబ్బు, ఒక్క అంకె తక్కువైనా ఏ ఇబ్బందీ లేదు.

దీని గురించి కొంత వివరంగా చెప్పాలి. మొదటి హద్దులను 1964లో ఓసల్లివాన్, మహాన్ అనే ఇద్దరు బోస్టన్‌లో 752 మంది గర్భిణుల పరీక్షల ఆధారంగా నిర్ణయించారు. అయితే వారు చూసింది ఆ తల్లికి తరవాతి కాలంలో మధుమేహం వస్తుందా రాదా అన్నది. బిడ్డకు ఏమవుతుందన్నది ఆ హద్దుల్లో లేదు. బిడ్డను దృష్టిలో పెట్టుకుని, తల్లి గ్లూకోజుకూ కాన్పు ఫలితాలకూ ఉన్న సంబంధంపై జరిగిన అతిపెద్ద అధ్యయనం పేరు హాపో. 9 దేశాల్లోని 15 కేంద్రాల్లో సుమారు 25,000 మంది గర్భిణులకు 75 గ్రాముల గ్లూకోజు పరీక్ష చేసి, ఆ ఫలితాలను వారికి గానీ వారి వైద్యులకు గానీ చెప్పకుండా కాన్పు వరకు గమనించారు. ఇలా దాచడం తప్పు కాదా అని నన్ను చాలామంది అడిగారు. పరగడుపున డెసిలీటరు రక్తానికి 105 మిల్లీగ్రాములు, లేదా గ్లూకోజు తాగిన రెండు గంటలకు 200 దాటితే వెంటనే వెల్లడించి వైద్యం మొదలుపెట్టాలన్న నియమం అందులో ముందే ఉంది. అంతకు తక్కువ స్థాయిల్లో హాని ఉందో లేదో అప్పటికి ఎవరికీ తెలియదు. తేల్చవలసిన ప్రశ్న అదే.

2008లో వచ్చిన ఫలితం ఈ రంగం ఆలోచననే మార్చింది. పరగడుపు గ్లూకోజు 75 కంటే తక్కువ ఉన్నవారిలో అధిక బరువుతో పుట్టిన బిడ్డలు 5.3 శాతం, 100, ఆపైన ఉన్నవారిలో 26.3 శాతం. మధ్యలో ఎక్కడా మెట్టు లేదు. ఇక్కడివరకు క్షేమం, ఇక్కడి నుంచి ప్రమాదం అని చెప్పగల గీత ఆ సమాచారంలో కనిపించలేదు. అయినా వైద్యం చేయడానికి ఒక హద్దు కావాలి గనుక, సగటు స్థాయితో పోలిస్తే ప్రమాదపు అవకాశాల నిష్పత్తి 1.75 రెట్లకు చేరే చోట గీత గీద్దామని అంతర్జాతీయ నిపుణుల బృందం 2010లో నిర్ణయించింది. పరగడుపున 92, గంటకు 180, రెండు గంటలకు 153 అన్న అంకెలు అలా వచ్చాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో వాటిని స్వీకరించింది. హాపో కేంద్రాల్లో భారతదేశం లేదన్నది గుర్తుంచుకోవాలి. మన దేశ ప్రభుత్వ మార్గదర్శకాల్లో ఉన్నది చెన్నైకి చెందిన డాక్టర్ వి. శేషయ్య, ఆయన సహచరులు ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి. తిన్నా తినకపోయినా 75 గ్రాముల గ్లూకోజు తాగించి, రెండు గంటలకు 140 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే గర్భధారణ మధుమేహంగా పరిగణిస్తారు. పరగడుపున రెండోసారి రమ్మంటే దూరపు ఊళ్ల నుంచి వచ్చేవారిలో చాలామంది తిరిగి రారు గనుక, ఒక్క రాకలోనే పరీక్ష పూర్తి చేయాలన్నది దాని ఉద్దేశం. కాబట్టి ఒకే మహిళకు రెండు ఆసుపత్రుల్లో రెండు వేర్వేరు మాటలు వినిపిస్తే, వారిలో ఎవరో ఒకరు మోసం చేస్తున్నారని అనుకోనక్కర్లేదు.

రక్త నమూనా ఉంచే గొట్టం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. రక్తం తీసిన తరవాత కూడా అందులోని కణాలు గ్లూకోజును వాడుకుంటూనే ఉంటాయి. గది ఉష్ణోగ్రతలో గంటకు సుమారు 5 నుంచి 7 శాతం తగ్గుతుంది. బూడిద రంగు మూత ఉన్న గొట్టంలో ఈ తగ్గుదలను ఆపే ఫ్లోరైడ్ ఉంటుంది కానీ, అది మొదటి గంట, గంటన్నరలో పూర్తిగా పనిచేయదు. పరగడుపు నమూనా ట్రేలో ఓ గంటన్నర ఉండిపోతే, 95 ఉండవలసిన అంకె 90కి దిగువకు రావచ్చు. అంటే హద్దు దాటిన మహిళ దాటనట్టుగా ఇంటికి వెళ్లిపోతుంది. నమూనాను ఐస్‌లో ఉంచి, అందులోని కణాలను త్వరగా వేరు చేయాలని మేము ల్యాబు సిబ్బందితో అంత పట్టుదలగా చెప్పేది ఇందుకే. మీ నమూనా తీసిన సమయం, పరీక్షించిన సమయం అడిగి తెలుసుకునే హక్కు మీకు ఉంది.

అపోహ: కొద్దిగా పెరిగిన షుగర్‌కు వైద్యం అనవసరం, అంతా వ్యాపారం.

ఈ ప్రశ్నకు నేరుగా సమాధానం వెతికిన ట్రయల్స్ ఉన్నాయి. 2005లో ఫలితాలు వెలువడిన ఆస్ట్రేలియా అధ్యయనంలో 1,000 మందిని రెండు వర్గాలు చేస్తే, బిడ్డకు తీవ్రమైన సమస్యలు చికిత్స పొందినవారిలో 1 శాతం, మామూలు సంరక్షణ పొందినవారిలో 4 శాతం కనిపించాయి. 2009 నాటి అమెరికా అధ్యయనంలో ప్రధాన ఫలితంలో తేడా తేలకపోయినా, బిడ్డ అతిగా పెరగడం, కాన్పులో భుజం ఇరుక్కోవడం, సిజేరియన్లు, గర్భిణికి బీపీ పెరగడం తగ్గాయి. మరోవైపు, హద్దును ఇంకా కిందికి దించితే లాభమా అని న్యూజిలాండ్‌లో 4,061 మందితో చేసిన ట్రయల్ ఫలితాలు 2022లో వచ్చాయి: తక్కువ హద్దు వాడితే 15.3 శాతం మందికి, ఎక్కువ హద్దు వాడితే 6.1 శాతం మందికి జబ్బు అని తేలింది. కానీ అధిక బరువు బిడ్డలు 8.8, 8.9 శాతంగా దాదాపు సమానంగానే ఉన్నారు. అయితే ఆ రెండు హద్దుల మధ్య పడిన మహిళలను మాత్రం విడిగా చూస్తే, చికిత్స పొందినవారిలో అధిక బరువు బిడ్డలు 6.2 శాతం, పొందనివారిలో 18 శాతం. అందరికీ కలిపి తేడా కనిపించనిది, ఒక్కో మహిళకు పెద్ద తేడాయే కావచ్చు. నా అభిప్రాయంలో ఈ రంగంలో ఇంకా తెగని చర్చ ఇదే. దీన్ని ఒక్క మాటలో తేల్చేసేవారిని నమ్మకండి.

20 వారాల లోపే గుర్తించి చికిత్స చేయడంపై ఆస్ట్రేలియా, ఆస్ట్రియా, స్వీడన్, భారతదేశాల్లోని ఆసుపత్రుల్లో జరిగిన ట్రయల్ 2023లో మరో ఆధారాన్ని ఇచ్చింది: బిడ్డకు సంబంధించిన సమస్యలు 30.5 శాతం నుంచి 24.9 శాతానికి తగ్గాయి. మన మార్గదర్శకాలు మొదటి పరీక్షను గర్భిణి ఆసుపత్రికి వచ్చిన తొలిసారే చేసి, 24-28 వారాల మధ్య మళ్లీ చేయమనడం ఈ ఫలితంతో పొసగుతుంది.

అపోహ: ఇన్సులిన్ బిడ్డకు చేరుతుంది, మాత్రలే సురక్షితం.

వాస్తవం దీనికి తలకిందులు. ఇన్సులిన్ మావిని దాటదు. తల్లి రక్తంలోని గ్లూకోజు దాటుతుంది. అలా అధికంగా చేరిన గ్లూకోజును వాడుకునేందుకు బిడ్డ తన ఇన్సులిన్‌ను తానే ఎక్కువగా తయారుచేసుకుంటుంది. బరువు పెరగడానికీ, బొడ్డు కోసిన తరవాత షుగర్ పడిపోవడానికీ మూలం అక్కడ ఉంది. మెట్‌ఫార్మిన్ మాత్ర మావిని దాటుతుంది. 2008లో ఫలితాలు వచ్చిన ట్రయల్‌లో 751 మందిని మెట్‌ఫార్మిన్, ఇన్సులిన్ వర్గాలుగా చేస్తే, బిడ్డల సమస్యలు పెరగలేదు. తల్లులు మాత్రనే ఇష్టపడ్డారు. కానీ మాత్ర మొదలుపెట్టినవారిలో 46.3 శాతం మందికి ఇన్సులిన్ కూడా అవసరమైంది. ఆ పిల్లలను కొన్నేళ్ల పాటు మళ్లీ మళ్లీ కొలుస్తున్నారు, ఎందుకంటే మాత్ర ప్రభావం పుట్టుకతో ముగుస్తుందని ఎవరూ భరోసా ఇవ్వలేరు. ఇంజెక్షన్ అంటే భయం సహజం. ఆ భయంతో రోజూ చూసుకోవలసిన షుగర్‌ను చూడకపోవడం, లేదా అన్నం పూర్తిగా మానేయడం మాత్రం తల్లికీ బిడ్డకీ నష్టమే.

అపోహ: కాన్పుతో షుగర్ పోతుంది, ఇక ఆ ఫైలు దాచేయవచ్చు.

చాలామందిలో కాన్పు తరవాత షుగర్ మామూలు స్థాయికి వస్తుందన్నంత వరకు నిజమే. కానీ 2009లో వెలువడిన ఒక సమగ్ర సమీక్ష ప్రకారం, ఈ మహిళలకు టైప్-2 మధుమేహం వచ్చే ముప్పు ఇతరులతో పోలిస్తే 7 రెట్లకు పైగా ఎక్కువ. మైసూరులో 1997-98లో చేర్చుకున్న గర్భిణులకు పుట్టిన పిల్లలను చూసినా, మధుమేహం ఉన్న తల్లుల పిల్లల్లో తొమ్మిదిన్నరేళ్లకు కొవ్వు, ఇన్సులిన్ స్థాయిలు ఎక్కువగా కనిపించాయి. అటువంటి తల్లుల సంఖ్య తక్కువే అయినా, ఆ ధోరణిని కొట్టిపారేయలేం.

మన ప్రాంతంలో ఈ దశే పరిశోధకులకు అత్యంత కష్టమైనది. తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్లిన అమ్మాయి అక్కడే మూడో నెల, అయిదో నెల వరకు ఉంటుంది; ఫోను నంబరు మారుతుంది; పరీక్ష గడువు దాటిపోతుంది. అందుకే చేర్చుకునేటప్పుడే పుట్టింటి ఊరు, అమ్మగారి నంబరు అడుగుతాం. బిడ్డకు ఆరో వారంలో టీకాలు వేయించేందుకు ఎలాగూ వెళతారు. అదే రోజున తల్లికి 75 గ్రాముల గ్లూకోజు పరీక్ష చేయిస్తే సరిపోతుంది. రెండు గంటల విలువ 140 కంటే తక్కువైతే మామూలే, 140 నుంచి 199 మధ్య ఉంటే మధుమేహానికి ముందు దశ, 200 లేదా అంతకంటే ఎక్కువైతే మధుమేహం. ఫలితం మామూలుగా వచ్చినా ఏడాదికోసారి చూపించుకోవాలి.

జీవనశైలి మార్పుతో దీన్ని ఆపగలమా? అమెరికా డయాబెటిస్ నివారణ ట్రయల్‌లో, ఇదివరకు గర్భధారణ మధుమేహం ఉన్న మహిళల్లో గట్టి జీవనశైలి శిక్షణ గానీ మెట్‌ఫార్మిన్ గానీ ముప్పును దాదాపు సగానికి తగ్గించాయి. భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్‌లలో సుమారు 1,600 మంది బాలింతలతో జరిగిన ట్రయల్‌లో, తక్కువ ఖర్చుతో ఇచ్చిన జీవనశైలి శిక్షణ వల్ల గ్లూకోజు మరింత పెరిగి పరిస్థితి విషమించడంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదని 2022లో తేలింది. పసిబిడ్డను ఎత్తుకుని ఉన్న తల్లి నుంచి ఎంత వ్యాయామం, ఎన్ని రాకపోకలు ఆశించగలమన్న ప్రశ్నను ఆ ఫలితం మా ముందుంచింది. తేడా రాలేదన్న ఆ ఫలితాన్ని కూడా ప్రచురించారు గనుకనే, అటువంటి కార్యక్రమాన్ని ఏ ఆసుపత్రీ ఉన్నది ఉన్నట్టుగా మొదలుపెట్టి, ఇది పనిచేస్తుందని బాలింతలకు చెప్పే పరిస్థితి లేకుండా పోయింది.