కోర్నిత్సా: పేరు మార్చుకోనన్న ఊరు

ఏటా మార్చి 28 వస్తోందంటే బల్గేరియాలో కోర్నిత్సా పేరు మళ్లీ వినిపిస్తుంది. పిరిన్ కొండల తూర్పు వాలులో, గోత్సె దెల్చెవ్ పట్టణానికి దగ్గర్లో ఉన్న చిన్న పొమాక్ ఊరు అది. పొమాక్‌లంటే ఇంట్లో బల్గేరియన్ మాట్లాడే ముస్లింలు. ముస్లిం పేర్లు వదిలి బల్గేరియన్ పేర్లు పెట్టుకోమంటే ఆ ఊరు ఒప్పుకోలేదు; అందుకు 1973లో అక్కడ జరిగిన కాల్పులకు ఎవరు జవాబు చెప్పాలన్నదే తేలని గొడవ.

అసలు ముడి 1964లో పడింది, అదీ కోర్నిత్సాలో కాదు, రిబ్నొవొ అనే మరో పొమాక్ ఊళ్లో. ఆ ఏడాది వసంతంలో ముస్లిం పేర్లు తీసేసి బల్గేరియన్ పేర్లు రాయడానికి అధికారులు బయల్దేరారు. రిబ్నొవొ జనం ఎదురు తిరిగి మిలీషియాను, అంటే అప్పటి పోలీసులను, ఊరి నుంచి తరిమేశారు. రాజధాని సోఫియాలోని కమ్యూనిస్టు నాయకత్వం వెనక్కి తగ్గింది. తప్పంతా స్థానిక అధికారుల అత్యుత్సాహం మీదికి నెట్టి, పాత పేర్లు ఉంచుకోనిచ్చింది.

దీన్నుంచి రెండు పక్షాలూ రెండు పాఠాలు నేర్చుకున్నాయి. గట్టిగా నిలబడితే పేరు దక్కుతుందని కొండ ఊళ్లు నమ్మాయి. ఆ నమ్మకానికి పాత అనుభవం కూడా తోడైంది. 1912-13 బాల్కన్ యుద్ధాల్లో బలవంతంగా బాప్టిజం ఇచ్చి పెట్టిన పేర్లు ఆ యుద్ధాలు ముగిశాక రద్దయ్యాయి. 1942 చట్టంతో మార్చినవి కూడా 1945లో రద్దయ్యాయి. ఇక పార్టీ నేర్చుకున్న పాఠం వేరు: ఈసారి మొదలుపెడితే మధ్యలో ఆపకూడదు.

1970లో పేర్లమార్పు మళ్లీ మొదలుపెట్టారు. బల్గేరియాలో మనిషి పేరంటే సొంత పేరు, తండ్రి పేరు, ఆపైన ఇంటిపేరు; అది తరచూ తాత పేరే. కాబట్టి ఒకరి పేరు మారిస్తే ఎప్పుడో చనిపోయిన తాత పేరూ మారిపోతుంది. చాలామంది కనీసం మొదటి అక్షరమైనా మిగలాలని చూసుకున్నారు, అహ్మద్ అసెన్ అయ్యాడు. కొత్త పేరుతో గుర్తింపు కార్డు తీసుకోకపోతే జీతం రాదు, ఆఫీసులో ఏ పనీ జరగదు. బయట కార్డులో పేరు, ఇంట్లో అసలు పేరు: ఇలా ఒక తరం గడిచింది.

కోర్నిత్సా ఒప్పుకోలేదు. 1973 జనవరి చివర్లో జనం ఊరి మధ్యనున్న మైదానంలోకి వచ్చి కూర్చున్నారు. పక్కనున్న లజ్నిత్సా, బ్రెజ్నిత్సా ఊళ్లలోనూ ఇదే పట్టుదల. ఆడవాళ్లు, ముసలివాళ్లతో సహా మంచులో, చలిమంటల చుట్టూ రాత్రీ పగలూ కాపలా. రెండు నెలలు! పంతం మీద అంత చలిలో అన్నాళ్లు ఎవరూ కూర్చోరు. రిబ్నొవొలో దిగివచ్చిన ప్రభుత్వం ఇక్కడా దిగివస్తుందన్న ఆశే వాళ్లను కూర్చోబెట్టింది.

మార్చి 28 తెల్లవారుజామున సాయుధ బలగాలు ఊళ్లోకి దిగాయి. కొట్టారు, కాల్చారు. కోర్నిత్సా వాళ్లు తమవాళ్లు ఐదుగురు చనిపోయారని చెబుతారు. గాయపడినవాళ్లకు లెక్కలేదు. ఆ తర్వాత జైళ్లు, కుటుంబాలకు కుటుంబాలనే దూరప్రాంతాలకు తరలించడం, మిగిలినవాళ్లకు కొత్త పేర్లు. అప్పటి అధికారుల కథనం చిన్నదే: మతఛాందసులు జనాన్ని రెచ్చగొట్టారట.

1974 నాటికి పొమాక్ ఊళ్లలో పేర్లమార్పు దాదాపు పూర్తయింది. 1984-85లో బల్గేరియాలోని టర్కుల పేర్లు మార్చేటప్పుడు ఇక్కడి అనుభవమే నమూనాగా పనికొచ్చింది. కానీ లోకం దృష్టి ఆ రెండోదాని మీదే పడింది, మొదటిది మరుగున పడిపోయింది.

1990 చట్టంతో పాత పేర్లు తిరిగి తీసుకునే వీలొచ్చింది. 2012 జనవరిలో పార్లమెంటు ముస్లింల బలవంతపు విలీనాన్ని ఖండిస్తూ ప్రకటన చేసింది. ‘అయిపోయిందానికి మళ్లీ రచ్చ ఎందుకు’ అనేవాళ్లు ఈ రెండింటినీ చూపిస్తారు. కోర్టు సంగతి మాత్రం ఎత్తరు. కమ్యూనిస్టు అధినేత తొదొర్ జివ్‌కొవ్, మరికొందరి మీద 1991లో మొదలైన కేసు డాన్యూబ్ నదీ దీవిలోని బెలెనె శిబిరంలో టర్కులను నిర్బంధించడం గురించి. అది ఏళ్ల తరబడి సాగింది. జివ్‌కొవ్ 1998లో చనిపోయాడు, మిగతా నిందితులూ ఒక్కొక్కరే పోయారు. కోర్నిత్సా కాల్పులు అసలు ఆ కేసులోనే లేవు.