మగ్గులు, జెర్సీల ప్రింటింగ్: చవక ప్రింటర్ చుట్టూ అపోహలు, వాస్తవాలు

అపోహ: ఇంకు మారిస్తే చాలు, ఇంట్లో ఉన్న ఏ ప్రింటరైనా సబ్లిమేషన్‌కి (బొమ్మని కాగితం మీద తీసి, వేడి ప్రెస్‌తో మగ్గు మీదకో బట్ట మీదకో ఎక్కించే పద్ధతికి) పనికొస్తుంది.

వాస్తవం: ముందు హెడ్ (కాగితం మీద ఇంకు చల్లే భాగం) ఏ రకమో చూడాలి. హెచ్‌పీ, కానన్ ఇంక్‌జెట్‌లలో హెడ్ లోపలి చిన్న హీటర్ ఇంకుని మరిగించి, ఆ బుడగతో చుక్కని బయటికి తోస్తుంది. వేడికి ఆవిరయ్యే రంగుకి ఆ పద్ధతి సరిపడదు, నాజిళ్లు (ఇంకు వచ్చే సన్నటి రంధ్రాలు) తొందరగా పూడుకుంటాయి. ఎప్సన్‌లో పీజో హెడ్ ఉంటుంది. కరెంటు తగలగానే అందులోని పలక వంగి చుక్కని నెడుతుంది, వేడితో పని లేదు. అందుకే ఎల్3210 లాంటి ట్యాంకు ప్రింటరుతో మొదలుపెట్టమంటాం. లేజరు ప్రింటరైతే అసలు పనికిరాదు.

సెకండ్ హ్యాండ్‌లో దొరికింది కదా అని, మామూలు ఇంకు పోసి వాడిన మిషన్ కొనకండి. ట్యూబుల్లో, డ్యాంపర్లలో (హెడ్‌కి ఇంకు అందించే చిన్న డబ్బీల్లో) మిగిలిన పాత ఇంకు కొత్తదాంతో కలిసి రంగులు మారిపోతాయి. కొత్తది కొని, మొదటి చుక్క నుంచే సబ్లిమేషన్ ఇంకు పోయండి. వారంటీ మీద మాత్రం ఆశ వదులుకోండి.

అపోహ: ఏ3 సైజు, ఆరు రంగులు లేనిదే వ్యాపారం నడవదు.

వాస్తవం: 11 ఔన్సుల మగ్గుకి 20 సెం.మీ. పొడవు, 9 సెం.మీ. ఎత్తు బొమ్మ సరిపోతుంది. ఏ4 కాగితంలో అలాంటివి ఒకదాని కింద ఒకటి మూడు పడతాయి. లేత నీలం, లేత గులాబీ ఇంకులు అదనంగా ఉంటే ఫొటోల్లో చర్మం రంగు నున్నగా వస్తుంది, నిజమే. పేరు, లోగో, దేవుడి బొమ్మలకి నాలుగు రంగులు చాలు. కబడ్డీ జట్టు జెర్సీల వీపు మీద పెద్ద నంబర్లు వేసే రోజు వస్తే అప్పుడు ఎల్18050 లాంటి ఏ3 మిషన్ గురించి ఆలోచించవచ్చు.

అపోహ: మంచి ప్రింటరైతే ఏ బట్ట మీదైనా పడుతుంది.

పడదు. బట్టల్లో ఈ రంగు పాలిస్టర్‌లోకే దిగుతుంది. పొందూరు ఖద్దరు మీద ఎంత ఖరీదైన మిషన్‌తో వేసినా నాలుగు ఉతుకులకి వెలిసిపోతుంది. తెల్ల ఇంకు ఉండదు కాబట్టి నల్ల టీషర్టు ఆర్డరు కూడా తీసుకోకండి. లేత రంగు పాలిస్టర్‌కి 190 నుంచి 200 డిగ్రీల దగ్గర 45 నుంచి 60 సెకన్లు పెట్టి, ముందు ఒక ముక్క మీద వేసి చూసుకోండి.

కాగితం మీద బొమ్మ వెలిసినట్టు కనిపిస్తే ప్రింటర్ని తిట్టకండి. ప్రెస్ చేశాకే అసలు రంగు తేలుతుంది. అప్పటికీ తేడాగా ఉంటే ఆ ఇంకుకి సరిపడే ఐసీసీ ప్రొఫైల్ (రంగులు సరిగ్గా పడేలా చూసే ఫైలు) పెట్టారో లేదో చూడండి. మిర్రర్ ఆప్షన్ (బొమ్మని అద్దంలోలా తిప్పి తీసేది) మరచిపోయి పేరు తిరగబడితే మాత్రం తప్పు మనదే.

అపోహ: సిరిమానోత్సవం, రథసప్తమి సీజన్ అయిపోతే మిషన్ని కప్పి పక్కన పెట్టేయొచ్చు.

వాస్తవం: చవక ప్రింటర్లు ఎక్కువగా చెడేది ఇక్కడే. సబ్లిమేషన్ ఇంకులో రంగు పూర్తిగా కరగదు, సన్నటి రేణువులుగా తేలుతుంది. కదలకుండా ఉంటే అడుగుకి చేరి నాజిల్‌కి అడ్డం పడుతుంది. రెండు మూడు రోజులకోసారి నాజిల్ చెక్ (నాజిళ్లు పనిచేస్తున్నాయో చూపే పరీక్ష ప్రింటు) తీయండి. గళ్ల గీతల్లో ఎక్కడైనా తెగితే హెడ్ క్లీనింగ్ ఇవ్వండి. మూడుసార్లకీ రాకపోతే 12 గంటలు వదిలేసి మళ్లీ చూడండి. పదేపదే క్లీనింగ్ కొడితే ఇంకంతా వేస్ట్ ప్యాడ్‌లోకి (క్లీనింగ్‌లో పోయే ఇంకుని పీల్చుకునే మెత్తలోకి) పోయి, ప్యాడ్ నిండిందని మిషన్ ఆగిపోతుంది. సీసాలోని ఇంకుని పోసే ముందు మెల్లగా తిప్పి కలపండి.

తీర ప్రాంతపు చెమ్మ ఇంకో తలనొప్పి. కాగితం తేమ పీలిస్తే ప్రెస్‌లో ఆవిరి లేచి మగ్గు మీద మచ్చలు, నీడలు పడతాయి. కట్ట విప్పాక మిగిలిన కాగితాల్ని కవరులో బిగించి పెట్టండి. జెర్సీని బొమ్మ పెట్టకముందే 5 సెకన్లు ఖాళీగా నొక్కండి.

పని అయ్యాక గోడ స్విచ్ కట్టేయడం ఇంకో అలవాటు. ముందు ప్రింటరు బటన్‌తోనే ఆపండి, హెడ్ తన మూత మీదకి వెళ్లి కూర్చుంటుంది. మధ్యలో కరెంటు పోతే హెడ్ ఎక్కడున్నదక్కడే ఆగి ఆరిపోతుంది. కోతలుండే ఊళ్లో చిన్న యూపీఎస్ ధరని కూడా ప్రింటరు ధరలోనే కలిపి లెక్కేసుకోండి.