శుక్రకణం తయారీలో కణాంగాల పంపకం: అపోహలు - వాస్తవాలు

క్షయకరణ విభజన (ఒక కణం వరసగా రెండుసార్లు చీలి, సగం క్రోమోజోములతో నాలుగు కణాలయ్యే విభజన) పాఠం చెప్పేటప్పుడు బోర్డు మీద క్రోమోజోముల బొమ్మ వేసి, 46 కాస్తా 23 అవుతాయని చెప్పి ఊరుకుంటాం. మిగతా కణాంగాలు (కణంలో తలా ఒక పని చేసే చిన్న భాగాలు) ఎటు పోయాయన్న ప్రశ్న అరుదుగా వస్తుంది. వృషణ కణజాలాన్ని పలచటి ముక్కలుగా కోసి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద చూడటమే నా రోజూ పని. ఆ ప్రశ్న మీద నాకు చాలా ఇష్టం.

అపోహ: క్రోమోజోముల్లాగే అన్ని కణాంగాలూ లెక్క ప్రకారం పంచుకుంటాయి.

క్రోమోజోములను కండె పోగులు, అంటే విభజన వేళ ఏర్పడే సన్నటి దారాలు, పట్టి లాగుతాయి, ఒక్కటి తేడా వచ్చినా నష్టమే. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాకు అంత కచ్చితమైన లెక్క లేదు. అవి చాలా ఉంటాయి, కణద్రవ్యం చీలినప్పుడు ఇటు కొన్ని, అటు కొన్ని సుమారుగా సర్దుకుంటాయి. ప్రొటీన్లను సర్ది పంపే గాల్జీ చిన్న చిన్న తిత్తులుగా విడిపోయి, విభజన ముగిశాక పిల్లకణాల్లో మళ్ళీ కూడుకుంటుంది. లెక్క తప్పనిది సెంట్రియోల్, అంటే కండె పోగులు ఏర్పడే చోట ఉండే చిన్న గొట్టం. రెండు విభజనల మధ్య డీఎన్‌ఏ రెట్టింపు కాదు గానీ సెంట్రియోళ్ళు మాత్రం అవుతాయి. అందుకే చివరి నాలుగు కణాల్లో ఒక్కోదానికీ రెండేసి దక్కుతాయి.

అపోహ: విభజన కాగానే నాలుగూ వేరుపడతాయి.

పడవు. సన్నటి కణద్రవ్య వంతెనలు వాటిని కలిపే ఉంచుతాయి. ఎక్స్ క్రోమోజోము దక్కని కణానికి కూడా ఎక్స్ జన్యువుల నుంచి వచ్చిన సరుకు ఆ దారిలోనే అందుతుంది.

అపోహ: విభజనతో కణాంగాల కథ అయిపోతుంది.

నన్నడిగితే అసలు కథ మొదలయ్యేది అక్కడే. పీఏఎస్ రంగు (చక్కెర పదార్థాలను గులాబీగా చూపే రంగు) వేసిన ముక్కలో, గుండ్రటి స్పెర్మాటిడ్ (విభజన ముగిసి ఇంకా శుక్రకణంగా మారని కణం) కేంద్రకం పక్కన ముందు ఒక చిన్న ముదురు గులాబీ చుక్క కనిపిస్తుంది. తర్వాతి దశల కణాల్లో అది కేంద్రకాన్ని అంటుకుని, పరుచుకుని, టోపీలా కప్పుతుంది. అదే ఆక్రోసోమ్. అండం పొరను దాటడానికి కావలసిన ఎంజైములు చాలావరకు గాల్జీ పంపిన తిత్తులతో అక్కడికి చేరినవే. లెబ్లాండ్, క్లెర్మాంట్ అనే శాస్త్రవేత్తలు 1952లో ఎలుక శుక్రకణం ఎదుగుదలను దశలుగా విడదీసింది ఈ గులాబీ టోపీని చూసే. ఎన్నేళ్ళుగా చూస్తున్నా నాకు దాని మీద మోజు తీరలేదు. ఆక్రోసోమ్ ఏర్పడకపోతే తల గుండ్రంగా ఉండిపోతుంది, ఆ శుక్రకణం తనంతట తాను అండంలోకి వెళ్ళలేదు.

టోపీ తయారయ్యాక గాల్జీ పక్కకు తప్పుకుంటుంది. మైటోకాండ్రియా కొన్ని తోక మొదట్లో స్ప్రింగులా చుట్టుకుంటాయి. అక్కర తీరిన మిగతా మైటోకాండ్రియా, రైబోజోములు, కణద్రవ్యం ఒక ముద్దగా విడిపోతాయి, ఆ ముద్దను పక్కనే ఉండి శుక్రకణాలను సాకే సెర్టోలి కణాలు మింగేస్తాయి. విభజనలో పంచుకున్నదాంట్లో చాలా భాగాన్ని శుక్రకణం ఇలా వదిలేస్తుంది.

అపోహ: తండ్రి మైటోకాండ్రియా అండంలోకి వెళ్ళవు.

చాలా క్షీరదాల్లో వెళ్తాయి. వాటి మీద ముందే యుబిక్విటిన్ అనే చిన్న ప్రొటీన్ ముద్ర పడి ఉంటుంది, అండం వాటిని గుర్తుపట్టి నాశనం చేస్తుంది. పిల్లల్లో తల్లివే మిగలడానికి ఇదొక ముఖ్య కారణం.

అపోహ: ఎలుకలో ఎలా ఉంటే మనిషిలోనూ అలాగే.

చుంచెలుక శుక్రకణం ఎదిగే క్రమంలో సెంట్రియోళ్ళను పోగొట్టుకుంటుంది. మనిషి శుక్రకణం వాటిని అండం దాకా మోసుకెళ్తుంది. పిండం మొదటి విభజనకు అవి కావాలి కూడా. సంతానలేమి గురించి ఎలుక ఫలితాలు చూపించి ఎవరైనా ధీమాగా చెప్తుంటే, సెంట్రియోల్ సంగతి ఏమిటని నేను ముందు అడుగుతాను.