గడ్డి కోర్టుకు ప్రాణం గడ్డిలో లేదు

డెల్టా పట్టణాల క్లబ్బుల్లో టెన్నిస్ కోర్టుల సంరక్షణ చూసే నన్ను, లండన్‌లో గడ్డి కోర్టుల మీద జరిగే వింబుల్డన్ టెన్నిస్ పోటీలు టీవీలో వచ్చే రోజుల్లో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: ‘ఆ గడ్డి విత్తనం తెప్పించి చల్లితే మన దగ్గరా అలాంటి కోర్టు రాదా? మనకు నీటికి కొదవేముంది?’ వారి ఉత్సాహాన్ని నేను తప్పుపట్టను. అయితే ఆ పోటీలు జరిపే క్లబ్బు చరిత్ర తెలుసుకోకుండా, ఫోన్లలో తిరిగే మాటలు నమ్మి సభ్యుల చందాలను మట్టిపాలు చేయడం చూస్తూ ఊరుకోలేను.

అపోహ: 1877 నుంచి అక్కడ ఒకే నేల, ఒకే గడ్డి, మహిమంతా ఆ విత్తనానిదే.

వాస్తవం: ఆ క్లబ్బు 1868లో క్రోకే (గడ్డి మీద కర్ర సుత్తితో బంతిని కొట్టే ఆట) కోసం పుట్టింది. 1877లో తొలి టెన్నిస్ పోటీ పెట్టింది నేలను చదును చేసే, గుర్రం లాగే రోలరుకు మరమ్మతు చేయించడానికి కావలసిన డబ్బు కోసమని చెబుతారు. అప్పటి మైదానం వర్పుల్ రోడ్డులో ఉండేది. ఇప్పుడున్న చర్చ్ రోడ్డుకు మారింది 1922లో. గడ్డి కూడా మారింది. 2000 వరకు రై గడ్డి 70 శాతం, ఎర్ర ఫెస్క్యూ అనే మరో గడ్డి 30 శాతం ఉండేవి. 2001 నుంచి పూర్తిగా రై గడ్డే. పోటీలు ముగియగానే పాత గడ్డిని గీకివేసి ఏటా కొత్తగా విత్తుతారు.

రై గడ్డి చలి దేశపు గడ్డి. డెల్టాలోనే ఒక క్లబ్బువారు నా మాట కాదని ఆ విత్తనం తెప్పించి కార్తికంలో చల్లించారు. సంక్రాంతికి కంటికి ఇంపుగా ఉన్న కోర్టు ఉగాదికి పసుపుబారింది. దాన్ని బతికించాలనే ఆత్రంతో పూటపూటా నీరు పెట్టడంతో అంచుల వెంట తుంగ లేచింది, నేల మెత్తబడింది, బంతి మోకాలి ఎత్తుకు కూడా లేవలేదు. అయిన ఖర్చు కన్నా, సభ్యుల ముందు తల ఎత్తుకోలేకపోయిన ఆ కార్యదర్శిని చూసి నాకు ఎక్కువ బాధ కలిగింది.

బంతి ఎగిరేది నేల మీద నుంచి, గడ్డి మీద నుంచి కాదు. గడ్డి చేసే పని మట్టిని వేళ్లతో పట్టి ఉంచడం. అందుకు మన గట్ల మీది గరిక చాలు. మన ఒండ్రు బంకమట్టి తగినంత ఆరితే చక్కగా గట్టిపడుతుంది, అతిగా ఎండితే నెర్రెలిస్తుంది, తడిసి ఉండగా తొక్కితే దమ్ము చేసిన చేనే అవుతుంది. అందుకే ముందుగా కోర్టుకు వాలు, ఆ వాలు చివర నీటిని తీసుకుపోయే బోదె ఉండాలి. ఆ తరువాతే రోలరు. బొటనవేలితో నొక్కితే గుర్తు పడాలి గాని వేలికి మట్టి అంటుకోకూడదు. రోలరు తిప్పవలసింది ఆ పదునులోనే. ఒక బంతిని తల ఎత్తు నుంచి సిమెంటు గచ్చు మీద ఒకసారి, కోర్టు మీద నాలుగైదు చోట్ల వదిలి చూడండి. చోటుకొక ఎత్తున లేస్తే విత్తనం కొట్టుకు వెళ్లకండి, నేల సంగతి చూడండి. ఒకప్పుడు యూఎస్ ఓపెన్ టెన్నిస్ పోటీలకు వేదికైన న్యూయార్క్‌లోని ఫారెస్ట్ హిల్స్‌లో బంతి తీరు నిలకడగా లేదని ఆటగాళ్లు ఫిర్యాదు చేస్తూ వచ్చారు. 1974తో అక్కడి పోటీల్లో గడ్డి ముగిసింది.

‘మన దేశపు ఎండలకూ వానలకూ గడ్డి కోర్టు నిలవదు’ అనేది దీనికి విరుద్ధమైన పుకారు. 1920లో మొదలైన టెన్నిస్ క్లబ్బు కలకత్తా సౌత్ క్లబ్ ఉన్నది కూడా డెల్టా నేల మీదే. దేశాల జట్లు తలపడే డేవిస్ కప్‌లో, 1966 సెమీఫైనల్‌లో రామనాథన్ కృష్ణన్ బ్రెజిల్ ఆటగాడు తోమాజ్ కోచ్‌ను ఓడించి భారత్‌ను ఫైనల్‌కు చేర్చింది ఆ గడ్డి మీదనే.

రోజూ ఆడితేనే కోర్టు పదునెక్కుతుందనడం కూడా సరికాదు. వింబుల్డన్ సెంటర్ కోర్టుకు ఏడాదిలో ఎక్కువ కాలం విశ్రాంతే. మన కోర్టుకు కనీసం వానాకాలంలోనైనా తాళం వేయాలి.

సిమెంటు కోర్టు మీద నేర్చుకున్న పిల్లలు వెనకబడిపోతారేమోనని కంగారుపడే తల్లిదండ్రులకు ఒక్క మాట. అంతర్జాతీయ ఆటలో గడ్డి కోర్టుల కాలం జూన్, జులైలలో కొద్ది వారాలే. ఆ కొద్ది వారాల కోసం పిల్లవాణ్ణి ఊరు మార్చనక్కరలేదు.